రెండు రోజులకి కన్నోరింటికి వెళ్లి రావాలంటే

బుధవారం రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఈ శనివారం వస్తున్నానని చెబుతాను. వెంటనే అడిగేది ఒకటే: “నాకేం పని ఉంచుతావు?”

మొదట్లో అమ్మ నవ్వేది. “రెండ్రోజులకి వచ్చినదానివి, నీకు పనేటే? తిని తొంగో” అనేది. ఇప్పుడు తనే లెక్క చెబుతుంది. “చింతపండు కొట్టాలి. జీడిపిక్కలు ఎండేస్తన్నాం. మజ్జిగ మిరపకాయలు నువ్వొచ్చాక పెడదాం.”

మా వైపు పుట్టింటిని కన్నోరిల్లు అంటాం. నా కన్నోరిల్లు శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో, ఉద్దానం పల్లెల్లో ఒకదానిలో ఉంది. ఉద్యోగం, అత్తవారు, పాప బడి అన్నీ విశాఖపట్నంలో. నెలకోసారి, కుదరకపోతే ఆరు వారాలకోసారి, శుక్రవారం రాత్రి వెళ్లి ఆదివారం రాత్రికి తిరిగొస్తాను. పెళ్లయిన కొత్తలో ఈ రెండు రోజులు ఎలా అయిపోయేవో తెలిసేది కాదు. అమ్మ పొయ్యి దగ్గర, నాన్న వీధి అరుగు మీద, నేను మంచం మీద ఫోను చూసుకుంటూ. ఆదివారం మధ్యాహ్నం బ్యాగు సర్దుతుంటే, అసలేమీ మాట్లాడుకోనే లేదని ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చేది. వెళ్లొచ్చిన సంతోషం కన్నా ఆ వెలితే ఎక్కువ మిగిలేది. తర్వాత ఒక్కో పద్ధతీ అలవాటు చేసుకున్నాను. ఊరికి కాస్త దూరంలో ఉండి, వెళ్లొచ్చాక కూడా వెళ్లినట్టు అనిపించని వాళ్ల కోసం అవి రాస్తున్నాను.

శుక్రవారం రాత్రే బయల్దేరండి

శనివారం పొద్దున్న బయల్దేరితే చేరేసరికి మధ్యాహ్నం. భోజనం, ఒక కునుకు, ఇరుగుపొరుగు పలకరింపులు, అంతే, చీకటి పడిపోతుంది. శుక్రవారం ఆఫీసు నుంచి నేరుగా స్టేషన్‌కి వెళ్లండి. రాత్రి ఎంత ఆలస్యంగా చేరినా సరే, శనివారం కళ్లు తెరిచేది ఆ ఇంట్లోనే కావాలి. అమ్మ వాకిలి ఊడ్చే చప్పుడుకి మెలకువ రావడానికే నేను ఆ రాత్రి ప్రయాణం చేస్తాను.

విశాఖ నుంచి పలాసకి రైల్లో సుమారు 200 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ అయితే మూడు, మూడున్నర గంటలు పడుతుంది. విజయనగరం, చీపురుపల్లి, పొందూరు దాటాక నాగావళి వంతెన, ఆ వెంటనే ఆమదాలవలస. శ్రీకాకుళం టౌన్‌కి వెళ్లేవాళ్లు దిగాల్సింది అక్కడే, స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్. ఊరు అక్కడి నుంచి ఇంకో పదమూడు కిలోమీటర్లు ఉంటుంది కాబట్టి ఆ టైము కూడా లెక్కలో వేసుకోండి. ఆ తర్వాత వంశధార వస్తుంది. చీకట్లో నీళ్లు కనబడకపోయినా వంతెన మీద బండి చప్పుడు మారుతుంది కదా, రెండో వంతెన చప్పుడు వినగానే నేను పాపని లేపుతాను. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకి ఒక మాట: విశాఖ స్టేషన్‌లోకి వచ్చే బండికి అక్కడ ఇంజిన్ రెండో వైపు తగిలిస్తారు. బండి వెనక్కి పోతోందేమిటని కంగారు పడకండి.

బస్సులో వెళ్లే ఆడవాళ్లు ఆధార్ దగ్గర పెట్టుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకి ఉచితమే. నాన్‌స్టాప్‌లో మాత్రం టికెట్ తీసుకోవాలి. పలాసలో రాత్రిపూట దిగేటట్టయితే ఊళ్లో తెలిసిన ఆటో అబ్బాయికి ముందురోజే చెప్పి పెట్టండి. లేకపోతే పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో ఆటో కోసం నిలబడాలి, ఇంటి దగ్గర నాన్న నిద్ర మానుకుని టెన్షన్ పడుతూ కూర్చుంటాడు.

చేతిలో ఏం పట్టుకెళ్లాలి

స్వీట్ల డబ్బా వద్దు. ఇంట్లో ఒకరికి సుగరు, ఇంకొకరికి పళ్ల నొప్పి. మొహమాటానికి ఒక ముక్క తిని మిగతాది వీధిలో పంచేస్తారు.

వెళ్లినప్పుడు ఇంట్లో ఏం పాడైందో కళ్లతో చూసి రాసుకోండి, తర్వాతి సారి అది పట్టుకెళ్లండి. అడిగి లాభం లేదు, “మాకేటి కావాలి, అన్నీ ఉన్నాయి” అనే వస్తుంది. ఒకసారి చూస్తే అమ్మ కుక్కర్ మూతకి తడిగుడ్డ చుట్టి పప్పు ఉడికిస్తోంది. రబ్బరు సాగిపోయి నాలుగు నెలలైందట. విశాఖలో పూర్ణా మార్కెట్‌కి వెళ్లి రబ్బరు కొన్నాను, తీరా అది పట్టలేదు. నేను కొన్నది ఐదు లీటర్లది, అమ్మ మూడు లీటర్ల కుక్కర్‌కి రాలేదు. అందుకే ఇప్పుడు పాత రబ్బరే సంచిలో వేసుకొచ్చి షాపులో దాంతో కొలిచి తీసుకుంటున్నాను. టార్చిలైటు బ్యాటరీలు, నాన్న కళ్లజోడుకి తాడు, స్నానాల గదిలో కాలు జారకుండా రబ్బరు చాప, ఇలాంటివి మా ఇంట్లో స్వీట్ల కన్నా ఎక్కువ పనికొచ్చాయి. కొత్త రబ్బరు వేసిన రోజు అమ్మ మూడు విజిళ్లూ లెక్కపెట్టి మరీ మొహం వెలిగించుకుంది.

పని అడిగి పుచ్చుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

మార్చి నెలలో ఒక శనివారం. చింతకాయలు దులిపించి, ఎండబెట్టి, పెంకు ఒలిచి గోనెలో వేసి ఉంచింది అమ్మ. నూతి గట్టు పక్కన నీడలో గోనెపట్టా పరుచుకుని ఇద్దరం కూర్చున్నాం. అమ్మ ఎదురుగా చదును రాయి, చేతిలో జానెడు ఇనప కడ్డీ. ఎండు చింతపండు రాతి మీద పెట్టి ఒక్క దెబ్బ కొడుతుంది, వీపు చిట్లుతుంది, బొటనవేలితో నొక్కితే పిక్క ఎగిరి చేటలో పడుతుంది. అదంతా ఒకే కదలికలా ఉంటుంది. నా దెబ్బకి పండు నలిగిపోయి పిక్క లోపలే ఉండిపోయేది. అందుకని ఈనెలు లాగే పని నాకిచ్చింది. పండు వీపు మీద ఉండే ఆ నార పోగుల్ని తొడిమ దగ్గర పట్టుకుని మెల్లగా లాగితే మొత్తం ఒక్కసారే వచ్చేస్తాయి. తొందరపడితే తెగిపోతాయి. గంట గడిచేసరికి వేళ్ల చివర్లు నల్లబడి, గోళ్ల సందులు చురుక్కుమంటున్నాయి. పాప చేటలో పిక్కలు ఏరుకుని వామనగుంటలు ఆడుకుంటోంది.

చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఉన్నట్టుండి అమ్మ, తల ఎత్తకుండానే అంది. “మీ నాన్న మోకాలు నొప్పని బిళ్లలు మింగుతన్నాడే. నీకు చెప్పొద్దన్నాడు.”

రోజూ ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాను. అడిగిన ప్రతిసారీ “బాగున్నాను, నువ్వెలాగున్నావు” అన్నాడు నాన్న. అమ్మ కూడా అదే చెప్పింది. ఎదురెదురుగా కూర్చుని “ఆరోగ్యం ఎలా ఉంది” అని అడిగితే ఏ తల్లీ ఏ తండ్రీ ఉన్నది చెప్పరు. చేతులు పనిలో ఉండి, చూపు చింతపండు మీద ఉన్నప్పుడు మాట దానంతటదే బయటికొస్తుంది. ఆ మాట కోసమే నేను పని అడుగుతాను.

ఉద్దానం వాళ్లకి నొప్పి బిళ్లల మాట ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు. మా పల్లెల్లో కిడ్నీ జబ్బు లేని వీధి ఉండదు. ఎందుకొస్తోందో పరిశోధనలు చేసినవాళ్లు కూడా ఇదమిత్థంగా తేల్చలేదు. క్రియాటినిన్ అనే ఇంగ్లీషు మాట, కిడ్నీల పనితీరు తెలిపే రక్త పరీక్ష పేరు, మా ఊళ్లో బడికి వెళ్లని ముసలమ్మకి కూడా తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం రిజర్వాయర్ నుంచి తాగునీటి పథకం మొదలయ్యాయి. అవి వచ్చాక కాస్త ధైర్యం వచ్చింది. కానీ నొప్పి బిళ్లలు మాత్రం ఎక్కడైనా మూత్రపిండాలకి చెరుపే, రోజుల తరబడి సొంతంగా వేసుకోకూడదు. మా నాన్న మందుల షాపులో నోటితో అడిగి కొనుక్కుని మూడు వారాలు వేసుకున్నాడు.

అప్పుడు నేను కేకలు వేయలేదు. వేస్తే అమ్మ ఇంకెప్పుడూ చెప్పదు. మధ్యాహ్నం నాన్న పడుకున్నప్పుడు మందుల డబ్బా తెరిచి, ఖాళీ అట్టలతో సహా ఫోటోలు తీసుకున్నాను. సాయంత్రం “నాన్నా, నేను కూడా రక్తం పరీక్ష చేయించుకోవాలి, తోడు రా” అని పలాస తీసుకెళ్లి ఇద్దరం చేయించుకున్నాం. ఆయన రిపోర్టు బాగానే వచ్చింది. డాక్టరుకి ఆ ఫోటోలు చూపిస్తే బిళ్లలు మానిపించి, మోకాలికి పూత మందు, వ్యాయామం చెప్పారు. శనివారం నాడే ల్యాబ్ పని చూసుకోండి, ఆదివారం చాలాచోట్ల మూసి ఉంటుంది.

ఎలాంటి పని అడగాలంటే, కూర్చుని చేసేది, పెద్ద చప్పుడు లేనిది, తొందరపడినా తెమలనిది. చింతపండు కొట్టడం, చిక్కుడుకాయలు ఒలవడం, మినప్పప్పు పొట్టు కడగడం, వడియాలు పెట్టడం. అటక దులపడం, మోటారు బాగు చేయించడం కూడా సాయమే, కాకపోతే ఆ పనుల్లో మాట సాగదు. పచ్చి జీడిపిక్కలు ఒలవడానికి కూర్చుంటే మాత్రం ముందు చేతులకి కొబ్బరినూనె దట్టంగా రాసుకోండి. పెంకులో ఉండే జీడి రసం తగిలితే చర్మం కాలినట్టు పొక్కిపోతుంది. చిన్నపిల్లల్ని అస్సలు దగ్గరికి రానివ్వకండి.

పొలం కాగితాలు, అప్పులు, తమ్ముడి పెళ్లి సంబంధాలు శనివారం రాత్రి మాత్రం ఎత్తకండి. వాటిని ఫోన్లో మాట్లాడుకోవచ్చు.

ఒక్క కూరే అడగండి

మీకిష్టమైనవన్నీ చేసి పెట్టాలని అమ్మకి ఉంటుంది. ఊరుకున్నారంటే రెండు రోజులూ పొయ్యి దగ్గరే ఉండిపోతుంది. అందుకే బుధవారం ఫోన్లోనే ఒక్కటంటే ఒక్కటి చెబుతాను. ఫిబ్రవరిలో పనసపొట్టుకి ఆవపెట్టిన కూర, ఏప్రిల్లో పచ్చి జీడిపప్పు, మునక్కాడలు. చలికాలం అయితే కూర కూడా వద్దు, తేగలు తంపటేస్తే చాలు. పొద్దున్నే టిఫిన్లు చేయొద్దని, తరవాణి అన్నమే కావాలని చెప్పేస్తాను. రాత్రి మిగిలిన అన్నంలో పోసిన పుల్లని తరవాణి, అంటే కుండలో పులియబెట్టిన గంజినీళ్లు, అందులోకి పచ్చి ఉల్లిపాయ, ఉప్పులో ఊరిన మిరపకాయ. విశాఖలో అదే కుండ, అదే బియ్యం తెచ్చి ప్రయత్నించాను, ఆ పులుపు రాలేదు. అమ్మ కుండ ఎప్పటి నుంచీ పులుస్తూ వస్తున్నదో!

మావారు ప్రతిసారీ రారు, మూడు సార్లకి ఒకసారి వస్తారు. అల్లుడొచ్చాడంటే ఎంత చెప్పినా అమ్మ వినదు, కోడికూర, గారెలు ఉండాల్సిందే. ఆ సారికి చింతపండు ముచ్చట్లు లేనట్టే అనుకుని, గారెల పిండి దగ్గర కూర్చుంటాను.

వీధికి ఒక గంట

శనివారం సాయంత్రం ఐదింటికి మొహం కడుక్కుని వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడవండి. మా ఊళ్లో ఇళ్లన్నీ గోడకి గోడ ఆనుకుని వరసగా ఉంటాయి. ప్రతి అరుగు దగ్గరా ఆగి పలకరించండి, కూర్చోమంటే ఆదివారం పొద్దున్న వస్తానని చెప్పి కదలండి. ఒక్క ఇంట్లో మాత్రం కూర్చోండి, ఊళ్లో ఎవరికి బాగాలేదో, మొన్న ఎవరు పోయారో ఆ ఇంట్లో అంతా తెలుస్తుంది. నాకు అది చిన్నమ్మ ఇల్లు. “ఒలమ్మా, ఎప్పుడొచ్చావే, పిల్ల ఎంతైపోయిందో” అంటూ పాపకి జీడిపప్పు గుప్పెడు పెట్టాకే నా వైపు చూస్తుంది. ఈ గంట మానేస్తే ఆదివారమంతా ఇంటికొచ్చేవాళ్లతోనే సరిపోతుంది. పైగా “కూతురొచ్చి మొహం చూపించకుండా ఎల్లిపోయింది” అన్న మాట మన వెనక అమ్మ పడాలి.

ఆదివారం తెల్లవారుజాము నాన్నది

నాన్న కూర్చుని మాట్లాడే మనిషి కాదు. తోటలో నడుస్తూ అయితే మాట్లాడతాడు. ఆదివారం ఆరింటికల్లా ఆయనతో బయల్దేరతాను. టీ కూడా తిరిగొచ్చాకే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పక్కనే తీరం దాటింది. అంతకుముందు 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ కూడా అక్టోబరు 12నే వచ్చాయి. అందుకే అక్టోబరు రెండో వారంలో ఊరికి టికెట్ తీసే ముందు వాతావరణం చూసుకోవడం మా అందరికీ అలవాటైపోయింది. తిత్లీ రాత్రి మా కొబ్బరి చెట్లు ముప్పైకి పైగా పడిపోయాయి, జీడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. నాన్న పెంచినవే కాదు, తాత నాటినవి కూడా. మర్నాడు ఫోన్ కలవలేదు. మూడో రోజు కలిస్తే “ఇల్లు బాగానే ఉంది” అన్నాడు. తోట మాట ఎత్తలేదు. నేనూ అడగలేకపోయాను.

2019 వానలకి మళ్లీ కొబ్బరి మొక్కలు వేశాడు. నాటు రకం కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఇప్పుడు వాటి దగ్గరికే తీసుకెళ్తాడు. ఒక్కో చెట్టు దగ్గరా ఆగి, కాండం మీద మట్టలు రాలిన గుర్తుల మీద అరచెయ్యి పెట్టి కింది నుంచి పైకి నిమురుతాడు. “దీనికి పొత్తొచ్చింది సూడు” అని పైకి, కొబ్బరి పూత వైపు చూపిస్తాడు. మొన్నటిసారి పిందెలు లెక్కపెట్టమన్నాడు. నాకు పదకొండు కనిపించాయి, ఆయన పద్నాలుగు అన్నాడు. ఇద్దరం మెడ నొప్పి పుట్టేదాకా అలాగే నిలబడి లెక్కపెట్టాం. ఆ తర్వాత జీడి చెట్ల కింద నడుస్తూ 80 కేజీల బస్తా ఈ ఏడాది ఎంత పలుకుతోందో, పోయినేడు ఎంతకి అమ్ముకున్నాడో చెబుతాడు. ఇక్కడ మీరు సలహాలు ఇవ్వొద్దు. చెట్టు పేరు, ఎరువు పేరు అడగండి. ఎంతసేపైనా చెబుతాడు.

పాప వస్తానంటే తీసుకెళ్తాను, తనకో చిన్న బుట్ట ఇస్తాను. రాలిన జీడిమామిడి పళ్లు ఏరడం తన పని.

తిరుగు మూట

అమ్మ పెట్టేవి వద్దనకండి, కానీ ఎంత కావాలో శనివారమే చెప్పేయండి. లేకపోతే ఆదివారం మూడు గంటలకి మూడు సంచులు తయారై ఉంటాయి, స్టేషన్‌లో మీరొక్కరే మోయాలి. కొబ్బరికాయలు పీచు ఒలిపించుకోండి, కళ్ల మీద పిలక మాత్రం ఉంచమనండి, తీసేస్తే త్వరగా పాడవుతాయి. చింతపండు ఉప్పు కలిపి ఉండలు చేసుకుంటే ఏడాది నిలుస్తుంది. ఎండు నెత్తళ్లు గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టుకోండి, లేదంటే రైలంతా మీ వైపే చూస్తుంది. మునగాకు తడి గుడ్డలో చుట్టి అన్నిటికన్నా పైన పెట్టాలి.

గుమ్మం దిగే ముందు మళ్లీ ఎప్పుడొస్తారో తేదీ చెప్పేయండి. “వీలు చూసుకుని వస్తాను” అన్నారంటే ఆ రోజు నుంచీ ఎదురుచూడటమే వాళ్ల పని. మా ఇంట్లో వంటింటి తలుపు వెనక క్యాలెండర్ ఉంది, నేను చెప్పిన తేదీ చుట్టూ అమ్మ పెన్నుతో సున్నా చుడుతుంది. కుదరకపోతే ముందుగా చెప్పి ఆ సున్నాని పక్క వారానికి మార్పించాలి. ఇప్పటికి రెండుసార్లే మార్పించాను.

విశాఖలో దిగాక ఎంత రాత్రైనా ఇంటికి ఫోన్ చేయండి. మా ఇంట్లో మొదటి రింగుకే నాన్న ఎత్తుతాడు. “చేరిపోయారా? సరే, తొంగోండి” అంటాడు, అంతే. పెట్టేసేలోపు వెనక నుంచి అమ్మ గొంతు వినిపిస్తుంది, మునగాకు ఇప్పుడే సంచిలోంచి తీసి ఆరబెట్టమని.